క్వార్టర్ అద్దె, ఊళ్లో ఇల్లు: జంషెడ్‌పూర్ తెలుగువాళ్ల రెండు లెక్కలు

1911 జనగణనలో సాక్చి జనాభా 5,672. పదేళ్లు తిరిగేసరికి, 1921లో, అదే చోట 57,360 మంది తేలారు. ఈలోగా ఊరి పేరూ మారింది. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి, ఉక్కు కర్మాగారాన్ని కలగని అది చూడకుండానే 1904లో కన్నుమూసిన జమ్‌షెట్జీ టాటా పేరు ఊరికి పెట్టాడు. కాలీమాటి రైల్వేస్టేషన్ టాటానగర్ అయింది. ఊరి చరిత్ర చెప్పేవాళ్లు ఈ నామకరణం గురించి చాలా రాశారు. ఆ రెండు జనాభా లెక్కల నడుమ దాగిన ప్రశ్న గురించి రాసింది తక్కువ. పదేళ్లలో పదింతలైన ఊళ్లో, కొత్తగా దిగిన యాభై వేల మంది ఎక్కడ తలదాచుకున్నారు? అద్దె కింద ఎంత పోయింది, తిండికెంత, ఇంటికి పంపిందెంత? వాళ్లలో ఉత్తరాంధ్ర నుంచి, గంజాం నుంచి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కుటుంబాలను టాటా ఉక్కు కంపెనీ క్వార్టర్ల తక్కువ అద్దె నిలబెట్టిందని జంషెడ్‌పూర్ గురించి తరచూ వినిపించే మాట. అందులో నిజం ఉంది. కానీ ఆ లెక్క సగమే. జీతంలో కోతపడిన అద్దె చిన్నదే అయినా, ఇంటికి చెల్లించిన అసలు ధరలో చాలా భాగం రెండు వేరే చోట్ల పడింది: ఒకటి సొంతూళ్లో, రెండోది ఉద్యోగం ముగిసిన రోజున. ఆ రెండింటినీ కలిపి చూస్తేనే వలస కుటుంబం బడ్జెట్ అర్థమవుతుంది.

ఈ వలసకు దారి వేసింది రైలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా పడమటికి సాగింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాల్తేరు దాకా ఉన్న తూర్పు తీరపు లైను ఉత్తర భాగం కూడా దాని చేతికే వచ్చింది. చికాకోల్ (శ్రీకాకుళం) రోడ్డులోనో విజయనగరంలోనో రైలెక్కినవాడు ఖరగ్‌పూర్‌లో బండి మారితే కాలీమాటిలో దిగేవాడు. అదే కాలంలో అదే జిల్లాల జనానికి ఇంకో దారి కూడా ఉండేది, సముద్రపు దారి. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఓడలు రంగూన్‌కు పోయేవి. కాబట్టి జంషెడ్‌పూర్ క్వార్టర్‌ను బొంబాయి చాల్‌తో పోల్చడం కంటే రంగూన్ బసతో పోల్చడం సబబు, ఎందుకంటే పలాస దగ్గరి కూలీ ఎంచుకోవాల్సి వచ్చింది ఆ రెంటి మధ్యే. రంగూన్‌లో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు, పని చూపేవాడు, చాలాసార్లు పడక చోటూ అతనే చూపేవాడు. అద్దె, తిండి ఖర్చు, అప్పు మీద వడ్డీ అన్నీ అతని పద్దులోనే కలిసిపోయేవి. అక్కడికి పోయినవాళ్లలో అత్యధికులు ఒంటరి మగవాళ్లు. 1928లో బెన్నిసన్ అనే అధికారి రంగూన్ కార్మికుల జీవన వ్యయం మీద నివేదిక ఇచ్చాడు. అందులో తెలుగువాళ్లను విడిగా లెక్కగట్టాల్సి వచ్చింది, అంతమంది ఉండేవారు. కార్మిక సమస్యల మీద 1929లో వేసిన విట్లీ కమిషన్ 1931 నివేదికలో రంగూన్ బసల ఇరుకు గురించి బాధగా రాసింది. 1930 మే నెలలో రేవు పని దగ్గర మొదలైన తగాదా తెలుగు కూలీల మీద దాడులుగా మారినప్పుడు, ఆ కిక్కిరిసిన బసలు దాక్కోవడానికి కూడా పనికిరాలేదు.

దీని పక్కన పెడితే జంషెడ్‌పూర్ వేరే లోకం. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మె వచ్చేనాటికే అక్కడ ఊరికి ఒక ప్లాను ఉంది; పిట్స్‌బర్గ్‌కు చెందిన కెనడీ, సాలిన్ దాన్ని గీశారు. 1920 ప్రాంతంలో ఎఫ్.సి. టెంపుల్, 1930లలో మేజర్ స్టోక్స్, 1940లలో జర్మనీ నుంచి శరణార్థిగా వచ్చిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ ఒకరి తర్వాత ఒకరు ప్లాన్లు వేశారు. ఇన్నిసార్లు ప్లాను వేయాల్సి రావడమే ఒక సాక్ష్యం. ప్రతి ప్లానూ పూర్తయ్యేలోపే జనం దాన్ని మించిపోయారు. 1931కి 83,738 మంది ఉంటే, యుద్ధం నడుస్తున్న 1941 నాటికి లెక్క లక్షన్నర చేరువకు వచ్చింది. కంపెనీ కట్టిన క్వార్టర్లు ఎప్పుడూ అందరికీ చాల్లేదు. మిగిలినవాళ్లకు కంపెనీ ఇంకో ఏర్పాటు చేసింది: తన భూమిలో చిన్న స్థలం చూపించి, దానికి నామమాత్రపు నేల అద్దె పెట్టి, గుడిసె మాత్రం ఎవరిది వాళ్లను కట్టుకోమంది. కొందరు ఉద్యోగులకు ఇంటి కోసం అప్పు కూడా ఇచ్చింది. మట్టి గోడ, పెంకులు, వెదురు, వాటి వెల మొత్తం కూలీది. కింది నేల మాత్రం కంపెనీది. బస్తీ అనే మాటకు జంషెడ్‌పూర్‌లో ఉన్న అర్థం ఇక్కడి నుంచే మొదలైంది. గోడ మనది, నేల వాళ్లది అన్న ఈ విభజన తర్వాతి వందేళ్ల చరిత్రకు మూలం.

క్వార్టర్ దొరికినవాళ్ల సంగతి మరికాస్త దగ్గరగా చూడాలి. కింది గ్రేడు కార్మికుడి క్వార్టర్ అంటే ఒకటో రెండో గదులు, ముందు చిన్న వరండా, వెనక పెరడు. పెరడే ఆ ఇంటికి ప్రాణం. తులసికోట అక్కడే, రోలు అక్కడే. ఊరి నుంచి తమ్ముడో బావమరిదో పని వెతుక్కుంటూ వస్తే మూల నాలుగు రేకులు వేసి మంచం వేసేదీ అక్కడే. ఆ రేకుల కింద పడుకున్నవాడు కట్టే అద్దె ఏ కాగితం మీదా ఉండదు. అతను తిండి ఖర్చులో వాటా ఇస్తాడు, నీళ్లు పడతాడు, పిల్లల్ని బడికి దింపుతాడు. పని దొరికి తన పేరున క్వార్టర్ వచ్చేదాకా అదే అతని చిరునామా. వలస వచ్చినవాడి మొదటి ఆరు నెలల ఖర్చుల గురించి ఇవాళ ఎన్ని పట్టికలు వేసుకున్నా, ఆ రోజుల్లో దాన్ని మోసింది బంధువు పెరడు. జీతం రోజున వచ్చే కాగితంలో ఇంటి అద్దె కోత ఉండేది. 1936 వేతన చెల్లింపు చట్టం యజమాని ఇచ్చిన ఇంటి కోసం జీతంలో కోత వేయడాన్ని అనుమతించింది. చేతికి వచ్చాక ఖర్చయ్యే డబ్బుకూ, చేతికి రాకముందే పోయిన డబ్బుకూ ఇంట్లో విలువ ఒకటి కాదు. అద్దె ముందే తెగిపోవడం వల్ల ఆలస్యం, వాయిదా, ఇంటి యజమాని గొడవ అనే మూడూ ఈ ఊళ్లో కుటుంబ బడ్జెట్‌లో లేకుండా పోయాయి. మిగిలిన జీతం తిండికి, చీటీకి, ఊరికి పంపే మనియార్డరుకు. అప్పులవాళ్లు మాత్రం ఉండనే ఉన్నారు. జీతాల రోజున కర్మాగారం గేటు దగ్గర కాబూలీవాలాలు కాపు కాయడం అన్ని పారిశ్రామిక పట్టణాల్లోనూ ఉన్న పీడే. అలా గేటు దగ్గర మాటువేయడాన్ని నేరంగా పరిగణించాలని విట్లీ కమిషనే సిఫార్సు చేసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం గట్టిగానే వస్తుంది, రావాలి కూడా. రంగూన్‌లో మగవాడు ఒంటరిగా మగ్గితే, జంషెడ్‌పూర్‌లో భార్యాపిల్లలతో కాపురం పెట్టాడు. ఆ కాపురం వల్లే అక్కడ తెలుగు సమాజం ఏర్పడింది: బిష్టూపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలో ఆంధ్ర సంఘం, బర్మామైన్స్‌లో, సోనారీలో తెలుగు వీధులు. ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చింది, ఉచిత వైద్యం 1915లో, ప్రావిడెంట్ ఫండ్ 1920లో. దేశంలో చట్టాలు రాక ముందే ఇవన్నీ వచ్చాయి. ఇంత చేసిన ఊళ్లో ఇంటి లెక్కకు తప్పుపట్టడం కృతఘ్నత కాదా అని అడగవచ్చు. ఈ మంచిని తగ్గించి చూపాల్సిన అవసరం నాకు లేదు. పిల్లల చదువుల్లో, ఆడవాళ్ల ఆరోగ్యంలో క్వార్టర్ తెచ్చిన మేలు రెండు తరాల్లో కనిపించింది. అయితే మేలు జరిగిందన్న మాటకూ, దాని ధర తక్కువన్న మాటకూ తేడా ఉంది. ధర ఎవరు, ఎప్పుడు, ఏ రూపంలో కట్టారన్నది వేరే ప్రశ్న. తిండి, బట్ట, వైద్యం ఏ నెలకు ఆ నెల తేలిపోయే ఖర్చులు. ఇల్లు అలాంటిది కాదు, అది పనిచేసే వయసు దాటిన తర్వాత కూడా కావాలి. ఇంటి ధరను నెల అద్దెలో మాత్రమే చూసే లెక్క, మనిషికి అరవై ఏళ్ల తర్వాత ఇల్లు అక్కర్లేదని అనుకునే లెక్క.

చట్టం ఏమంటుందో చూడండి. క్వార్టర్ కంపెనీ ఆస్తి. 1956 కంపెనీల చట్టం 630వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఆస్తిని అక్రమంగా తన దగ్గర ఉంచుకున్న అధికారి లేదా ఉద్యోగి నేరస్తుడు. గడువు లోపల అప్పగించమని కోర్టు ఆదేశిస్తే, అది పాటించనివాడికి రెండేళ్ల దాకా జైలు. ఇది పనిచేస్తున్నవాళ్లకే వర్తిస్తుందా, మానేసినవాళ్లకు కూడానా అన్న సందేహాన్ని 1987లో సుప్రీంకోర్టు తీర్చింది: మాజీ ఉద్యోగి కూడా దీని కిందికి వస్తాడు. 2013 చట్టంలో అదే నియమం 452వ సెక్షన్‌గా కొనసాగింది. జంషెడ్‌పూర్‌కు దగ్గర్లోనే ఉన్న బొకారో ఉక్కు కర్మాగారానికి చెందిన ఒక కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: పదవీ విరమణ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయనివాడి మీద వేసే జరిమానా అద్దెను గ్రాట్యుటీలోంచి సర్దుబాటు చేసుకోవచ్చు. ఈ తీర్పులు అన్యాయమని నేను అనడం లేదు. కొత్తగా చేరినవాడికి ఆ ఇల్లు కావాలి, అతనిదీ కుటుంబమే. కానీ వీటిని బడ్జెట్ కళ్లతో చదివితే ఒక సంగతి స్పష్టం. ముప్పై ఏళ్లు మార్కెట్ అద్దె తప్పించుకున్న కుటుంబానికి, ఆ ముప్పై ఏళ్ల ఇంటి ఖర్చు ఒక్కసారిగా, అదీ జీతం ఆగిన నెలలో, ఎదురొస్తుంది. ఆ నెల కోసం దాచినవాడికి క్వార్టర్ నిజంగా చవక. దాచనివాడి గ్రాట్యుటీ కొత్త ఇంటి అడ్వాన్సుగా కరిగిపోతుంది.

మరి ఆ ఊళ్లోనే స్థలం కొనుక్కోవచ్చు కదా? ఇదే అసలు చిక్కుముడి. నేల కథ విడిగా చెప్పాలి. సాక్చి చుట్టుపక్కల గ్రామాలు ధల్‌భూమ్ జమీలో ఉండేవి. సంతాల్, హో, భూమిజ్ రైతులు అక్కడ సాగుచేసేవారు. 1894 భూసేకరణ చట్టం కింద ప్రభుత్వం భూమి తీసుకుని కంపెనీకి ఇచ్చింది, మొదట కొన్ని వేల ఎకరాలు, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఇంకా చాలా. తెలుగు వలసదారుడి ఇల్లు లేచిన ప్రతి చోటా అంతకుముందు ఇంకొకరి పొలం ఉందన్న సంగతి మనం మరవకూడదు. కంపెనీ భూమికి బయట ఉన్న ఆదివాసీ భూమిని 1908 ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం కాపాడింది. ఆదివాసీయేతరులు దాన్ని కొనడానికి వీల్లేదు. ఆ చట్టం ఉండి తీరాల్సిందే. కానీ దాని వల్ల విజయనగరం నుంచి వచ్చిన ఫిట్టర్‌కు మిగిలిన దారులు సన్నవి. లోపల కంపెనీ నేల అమ్మకానికి లేదు, బయట ఆదివాసీ నేల అమ్మకూడదు, మధ్యలో జుగ్‌సలాయి లాంటి వ్యాపారుల పేటలో ధర అందదు. అందుకే బస్తీలు పెరిగాయి. 1950 బీహార్ భూసంస్కరణల చట్టం జమీలను రద్దు చేసినప్పుడు కంపెనీ భూమి మీద హక్కు ఎవరిదన్న వాదం నడిచింది. చివరికి భూమి ప్రభుత్వానిదై, కంపెనీ లీజుదారు అయింది. 1956 జనవరి 1 నుంచి నలభై ఏళ్లకు లెక్కగట్టిన ఆ లీజును 2005లో మరో ముప్పై ఏళ్లకు, 1996 నుంచి అమలయ్యేలా పొడిగించారు. అప్పుడు బస్తీల భూమిని లీజులోంచి తప్పించారు. '86 బస్తీలు' అనే మాట ప్రతి ఎన్నికలోనూ వినపడటానికి కారణం ఇదే: అవి కంపెనీవి కావు, అక్కడ ఉంటున్నవాళ్లవీ కావు.

బస్తీవాళ్లది ఆక్రమణ, ఆక్రమించుకున్నదానికి హక్కు అడగడమేమిటని చాలామంది అంటారు. కొన్ని చోట్ల అది నిజం కావచ్చు. కానీ ఈ వాదన మొదటి ఇరవై ఏళ్ల చరిత్రను దాటవేస్తుంది. నేల అద్దె పుచ్చుకుని గుడిసె వేసుకోమన్నది కంపెనీయే. పనివాళ్లు కావాలి, వాళ్లందరికీ క్వార్టర్లు కట్టే స్థోమత లేదు. ఆ లోటును పూడ్చింది కూలీల సొంత మట్టీ, సొంత చెమటా. పదేళ్లలో పదింతలైన ఊళ్లో బస్తీ లేకపోతే కొలిమి ఆగిపోయేది. ఆ రోజు అవసరంగా ఉన్నది రెండు తరాల తర్వాత ఆక్రమణ అయిందంటే, నష్టపోయింది గోడ కట్టినవాడే.

ఇప్పుడు ఊళ్లోని ఇంటి సంగతి. తెలుగువాళ్లు ఊరికి డబ్బు పంపడానికి ఇంటి అభద్రతతో సంబంధం లేదని, అది తల్లిదండ్రుల మీద ప్రేమ, భూమి మీద మమకారం, కులపెద్దల్లో పేరు అని ఎవరైనా అనవచ్చు. రంగూన్ కూలీలు కూడా పంపారు, వాళ్లకు క్వార్టర్లు లేవు కదా అని గుర్తుచేయవచ్చు. కానీ రంగూన్ వెళ్లినవాళ్ల భార్యాపిల్లలు ఊళ్లోనే ఉండిపోయారు. అక్కడి మనియార్డరు కాపురపు ఖర్చు. కాపురమంతా జంషెడ్‌పూర్‌లోనే ఉన్నప్పుడు కూడా ఊళ్లో ఇంటికి ఏటా కప్పు నేయించడం, తర్వాత పెంకు, ఆ తర్వాత స్లాబు వేయించడం ఎందుకు? ప్రేమ ఒక కారణం, ఒప్పుకుంటాను. కానీ ప్రేమకు సిమెంటు రూపం ఇచ్చింది అవసరం. బతికినంత కాలం ఉండగలనన్న హామీ ఏ గోడ ఇవ్వగలదో, డబ్బు ఆ గోడ వైపే నడుస్తుంది. ఆ హామీ టాటానగర్‌లో లేదు, శ్రీకాకుళంలో ఉంది. కాబట్టి ఊళ్లో ఇంటికి పెట్టిన ప్రతి రూపాయినీ జంషెడ్‌పూర్ అద్దెలో ఒక భాగంగానే రాయాలని నా వాదన. 1940లలో దేశ్‌పాండే అనే అధికారి నాయకత్వంలో జంషెడ్‌పూర్‌లో కుటుంబ బడ్జెట్ల సర్వే జరిగింది; ఆ తర్వాత 1958-59లో కార్మిక బ్యూరో మళ్లీ సర్వే చేసింది. ఇలాంటి సర్వేల్లో ఇంటి అద్దెకు ఒక గడి, ఊరికి పంపినదానికి వేరే గడి ఉంటాయి. ఆ రెండు గడుల మధ్య గీత చెరిపి చూడమంటున్నాను.

ఒక తరం మాత్రం ఉద్యోగం ముగిసిన రోజున పడే లెక్కను కొంతకాలం వాయిదా వేయగలిగింది. ఉద్యోగుల పిల్లలకు కొలువుల్లో ప్రాధాన్యం ఉన్నంత కాలం తండ్రి రిటైరయ్యేసరికి కొడుకు లోపల చేరేవాడు. తండ్రి క్వార్టర్ పోయినా కొడుకు క్వార్టర్ వచ్చేది. అమ్మానాన్నలు వీధి మారేవారు, ఊరు మారేవారు కాదు. 1990లలో ఆ గొలుసు తెగింది. ఒకప్పుడు సుమారు 78,000 మంది ఉద్యోగులున్న కంపెనీలో పదేళ్లు గడిచేసరికి దాదాపు సగం మంది మిగిలారు. ముందస్తు విరమణ పథకంలో వెళ్లినవాళ్లకు నెలనెలా డబ్బు వచ్చేలా ఏర్పాటు చేశారు. అలాంటి ఉదారత అప్పట్లో దేశంలో అరుదు. అయినా జీతం చేతికి రావడం వేరు, ఆ జీతంతో పాటు వచ్చిన నీళ్లు, కరెంటు, పెరడు ఉండటం వేరు. యాభై ఏళ్ల వయసులో మొదటిసారి బయట ఇల్లు వెతుక్కుంటున్నవాడికి అద్దె బేరమాడటం చేతకాదు, అడ్వాన్సు ఎంత న్యాయమో తెలియదు. ఆ అనుభవం అతనికి ముప్పై ఏళ్లుగా రాకుండా క్వార్టర్ కాపాడింది.

పారిశ్రామిక కార్మికుల ధరల సూచీలో ఇంటి వాటా ఎలా పెరిగిందో చూస్తే ఇది జంషెడ్‌పూర్ ఒక్కదాని కథ కాదని తెలుస్తుంది. దేశం మొత్తం మీద 1982 ఆధార సంవత్సరపు లెక్కలో ఇంటికి 8.67 శాతం బరువు ఇచ్చారు; 2001లో అది 15.27, 2016లో 16.87 అయింది. తిండి వాటా మాత్రం 57 నుంచి 39.17కి పడింది. కార్మికుడి బతుకు తిండి సమస్య నుంచి ఇంటి సమస్యకు మారింది. విదేశాలకు వెళ్తున్న తెలుగువాళ్లను ఈ వెలుగులో చూడాలి. జర్మనీలో డిపాజిట్ మూడు నెలల మూల అద్దెకు మించకూడదని, ఇంగ్లండ్‌లో మామూలు ఇళ్లకు అయిదు వారాల అద్దెకు మించకూడదని చట్టాలున్నాయి. ఇలాంటివి తెలుసుకుని వెళ్లడం మంచిదే. కానీ గల్ఫ్‌కు వెళ్లే కరీంనగర్, నిజామాబాద్ కార్మికుడికి బస ఇచ్చేది యజమానే, వీసా యజమాని చేతిలోనే. పని పోతే మంచం, దేశం రెండూ ఒకేసారి పోతాయి. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న ఇంజనీరుకు ఉద్యోగం పోయాక అరవై రోజుల గడువు; ఆ గడువు ముగిసినా అతని లీజు ఒప్పందం ముగియదు. చదువులో, జీతంలో ఎంత తేడా ఉన్నా, జంషెడ్‌పూర్ క్వార్టర్‌వాడు, గల్ఫ్ కార్మికుడు, అమెరికా ఇంజనీరు, ఈ ముగ్గురి ఇల్లూ ఉద్యోగానికే వేలాడుతోంది. నెల అద్దె ఎంతో తెలుసుకున్నంత శ్రద్ధగా, ఉద్యోగం లేని మొదటి మూడు నెలలు ఏ గోడల మధ్య గడుస్తాయో విదేశాలకు వెళ్లేవాళ్లు లెక్క వేసుకుంటే బాగుంటుంది. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లు ఏ సలహాదారూ చెప్పకుండానే మనియార్డరు ఫారాల మీద ఆ లెక్క వేసుకున్నారు.

అలా వేసుకున్నవాళ్ల ఎంపిక ఇప్పుడు మళ్లీ మారుతోంది. రెండో, మూడో తరంవాళ్లకు శ్రీకాకుళంలోని ఇల్లు పెళ్లిళ్లకు వెళ్లే చోటు, పిల్లలు హిందీలో ఆడుకుంటారు. ఊళ్లో స్లాబు వేయించే డబ్బు సువర్ణరేఖ అవతలి మాంగోలోనో, ఖర్కాయి అవతలి ఆదిత్యపూర్‌లోనో ఫ్లాటుకు పోతోంది. అవి కంపెనీ లీజుకు బయటి పట్టణాలు. నీళ్ల సరఫరా, రోడ్లు బిష్టూపూర్‌తో పోలిస్తే తక్కువే. నదికి ఇవతల ఉన్న సౌకర్యాలన్నీ వదులుకుని కూడా జనం అవతలికి వెళ్తున్నది అక్కడ దస్తావేజు తమ పేరున రాయించుకోగలుగుతున్నందుకే. 86 బస్తీల్లో ఉంటున్నవాళ్లకు ఆ దస్తావేజు కూడా లేదు, అక్కడి ప్రతి కుటుంబం ఇప్పటికీ రెండు లెక్కలూ రాసుకుంటూనే ఉంది.